ఉమ్మడి సొత్తు, ఒక్కరి పూచీ

మైక్రోస్కోప్ కావాలా అని అడిగితే మూడు శాఖల వాళ్లూ చేతులెత్తారు. దానికి పూచీ ఎవరుంటారు అని అడిగేసరికి ఎత్తిన చేతులన్నీ బల్ల కిందకి పోయాయి.

డాన్యూబ్ ఒడ్డున ఉన్న చిన్న విశ్వవిద్యాలయం అది. జీవశాస్త్రం, వ్యవసాయం, పశువైద్యం, ఈ మూడు శాఖలూ కలిసి రాజధాని సోఫియాలోని నిధుల సంస్థకి అర్జీ పెట్టుకున్నాయి. డిగ్రీ పిల్లలు తమ చేతులతో తామే వాడి నేర్చుకోవడానికి, మూడు శాఖలకీ ఉమ్మడిగా, ఒక మంచి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ ఇప్పించమని. రంగు పట్టించిన జీవకణం చీకట్లో పచ్చగా, ఎర్రగా వెలుగుతూ కనబడే యంత్రం. అర్జీ పెట్టుకున్నాయి అనడం మాటవరసకే. రాసింది, సోఫియాకి కాళ్లరిగేలా తిరిగింది, వాళ్లు తిప్పి పంపితే మళ్లీ రాసింది, అంతా వెసెలీనా ద్రాగనోవా ఒక్కతే. మిగతా వాళ్లు చివర్లో వచ్చి తమ పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకున్నారు. పడ్డాయి.

పేరుకి వెసెలీనా. వాళ్ల భాషలో ఉల్లాసం అని. ఉయ్యాల్లో ఏం చూసి ముచ్చటపడ్డారో గాని, యాభై దాటిన ఈ వెసెలీనా పెద్దగా నవ్వగా చూసినవాళ్లు ఆ భవనంలో లేరు. జీవకణ శాస్త్రం చెబుతుంది. మంచిగానే చెబుతుంది. గంట కొట్టగానే పిల్లలు వెళ్లిపోతారు, తనూ వెళ్లిపోతుంది. ఇంటికెళ్లి టీవీ పెడుతుంది, చూడ్డానికి కాదు, ఇంట్లో ఏదో ఒక గొంతు ఉండాలని. శనివారం రొట్టెల కొట్టులో "ఒక తెల్లది, కోసివ్వండి" అన్న మాట తర్వాత సోమవారం దాకా నోరు విప్పాల్సిన పని పడేది కాదు. సోమవారం పొద్దున మొదటి పాఠంలో గొంతు బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందనుకునేవాళ్లు పిల్లలు.

ఈ యంత్రం కోసం అంత తాపత్రయం దేనికి అని ఎవరైనా అడిగితే, పిల్లల శిక్షణ కోసం అనేది. అబద్ధం కాదు. కాని దాని వెనక ఇంకో నిజం ఉంది. యంత్రం వస్తే పిల్లలు వస్తారు. గది నిండుతుంది. నిండిన గదిలో తనూ ఉంటుంది. ఆ ఆశతోనే అన్ని కాగితాలూ రాసింది, పిచ్చిది.

సరే, ఆ రోజు సమావేశంలో చేతులన్నీ బల్ల కిందకి పోయాక, వ్యవసాయ శాఖ గెంచో, "ఉమ్మడి అన్నాక మనందరిదీ కదండీ. పూచీ కూడా అందరం కలిసే ఉందాం" అన్నాడు.

"కుదరదయ్యా" అన్నాడు జీవశాస్త్ర శాఖాధిపతి ప్లామెన్. "చట్టానికి ఉమ్మడి అంటే తెలీదు. సర్కారు సొత్తు ఏదైనా సరే, ఒక్క మనిషి పేరున ఉండాలి. పగిలినా, పోయినా, పట్టుకోవడానికి ఒక్క మెడ కావాలి. నీ మెడ ఇస్తావా?"

"నాకా? నాకసలే మోకాళ్ల నొప్పులు."

"సంతకం మోకాళ్లతో పెడతారా ఏంటి!" అంది తలుపు దగ్గర కాఫీ పోస్తున్న మిన్కా. ఆవిడ శాఖ సెక్రటరీ. ఆ భవనంలో ఎవరినైనా ఏమైనా అనగల మనిషి.

అందరూ నవ్వారు, ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దం ఇంకాస్త సాగితే యంత్రం తిరిగి సోఫియాకి పోతుందని వెసెలీనాకి భయం వేసింది.

"ఇటివ్వండి" అంది.

సంతకం గీకింది. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. గెంచో అయితే లేచొచ్చి చెయ్యి పట్టుకుని మరీ ఊపాడు.

వసంతంలో యంత్రం దిగింది. బిగించడానికి వచ్చిన మనిషి పని ముగించుకుని రైలెక్కాడు. మర్నాడు మొదటిసారి వాడాలి. పిల్లలు, పంతుళ్లు అందరూ గది బయట గుమిగూడారు. మిన్కా ఊరుకుంటుందా? ఏదైనా కొత్తగా మొదలుపెడితే గుమ్మంలో నీళ్లు పొయ్యాలి, పని నీళ్లలా సాఫీగా సాగిపోవాలని. పిల్లలు పరీక్షకి వెళ్తున్నా పోస్తారు, కొడుకు సైన్యానికి వెళ్తున్నా పోస్తారు. ఇంత పెద్ద యంత్రానికి చెంబుడు చాలవనుకుందేమో, బకెట్టే నింపుకొచ్చింది. అందులో ఎర్ర జెరేనియం పువ్వొకటి.

"ఇదెందుకు మిన్కా?" అంది వెసెలీనా.

"నువ్వు ఊరుకో వెస్కా. సైన్సు నీది, అదృష్టం నాది!" అని కుడికాలితో ఒక్క తన్ను తన్నింది.

చప్పట్లు కొట్టారంతా. పాత భవనం, ఏటివైపుకి కాస్త వాలి ఉంటుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నీళ్లు నడవాలోకి రావాల్సింది పోయి చక్కగా గదిలోకి నడిచాయి. పువ్వు ముందు, నీళ్లు వెనక. యంత్రానికి కరెంటు సరిచేసి పంపే పెట్టె బల్ల కింద నేలమీదే ఉంది. ఠప్పుమంది. సన్నగా పొగ లేచింది. చప్పట్లు కొడుతున్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

మైక్రోస్కోప్‌కి ఏమీ కాలేదు, అదొక్కటే నయం. పెట్టె మాత్రం కాలిపోయింది. కొత్త పెట్టె ఖరీదు ఎవరిస్తారు? పూచీ ఎవరిదైతే వాళ్లు. వెసెలీనా జీతంలోంచి నెలనెలా కోశారు. మిన్కా ఏడ్చింది, సగం నేనిస్తానంది. మనవరాలి చదువుకి దాచుకుంటున్న మనిషి దగ్గర ఏం తీసుకుంటాంలెమ్మని వెసెలీనా వద్దంది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఇంకెవరూ ఆ ఊసెత్తలేదు. గెంచో కనిపిస్తే మాత్రం, "ఎలా ఉంది మన మైక్రోస్కోప్?" అనేవాడు. మన అట!

అక్కణ్ణుంచి వెసెలీనా మారిపోయింది. గదికి తాళం వేసి తాళంచెవి మెడలో వేసుకుంది. తలుపుమీద కాగితం అంటించింది: నీళ్లు తేరాదు, సంచులు తేరాదు, తడి కోటుతో రారాదు, ఒకరికి మించి రారాదు, పూచీదారు లేకుండా ముట్టరాదు. ఎవరైనా వస్తే వెనకే నిలబడేది. పిల్లాడు చక్రం తిప్పుతుంటే తన చెయ్యి కూడా గాల్లో తిరిగేది. "నెమ్మది... నెమ్మది... ఆ... చాలు చాలు!" లెన్సు గాజుపలకకి దగ్గరవుతుంటే ఇంకో అడుగు ముందుకేసేది. పని అయ్యాక పిల్లాడు బతుకుజీవుడా అని బయటపడేవాడు. ఆమె మూత కప్పి, మూత సరిగ్గా పడిందో లేదో మళ్లీ చూసుకుని, తాళం వేసేది.

పిల్లలు ఆమెకి పూచీ మేడమ్ అని పేరు పెట్టారు. ఆమె చెవినా పడింది. పడనట్టు ఊరుకుంది.

మొదట్లో రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. తర్వాత వారానికొకరు. శరత్కాలం వచ్చేసరికి ఎవరూ రావడం మానేశారు. ఆమె మాత్రం చెప్పిన వేళకి వెళ్లి, దీపం వేసి, కుర్చీలో కూర్చునేది. నడవాలో అడుగుల చప్పుడైతే లేచి నిలబడేది. అడుగులు ముందుకి పోయేవి. మళ్లీ కూర్చునేది. మూడేళ్లు పోరాడి తెచ్చుకుంది ఈ కుర్చీలో ఒక్కర్తే కూర్చోడానికా అనిపించేది. ఏడుపొచ్చేది. ఏడిస్తే తడి, గదిలో తడి పనికిరాదు కదా, బయటికెళ్లి ముక్కు చీదుకుని వచ్చేది.

ఒకరోజు ప్లామెన్ తొంగిచూశాడు.

"ఏం వెసెలీనా, మేలిముసుగు తియ్యని పెళ్లికూతుర్ని కాపలా కాస్తున్నావా?"

"మీకేం ప్లామెన్ గారూ, ఎన్నైనా అంటారు. జీతం కోసింది నాకు."

"సరే, కోసింది నీకే. కాని విను. మార్చిలో సోఫియా నుంచి తనిఖీకి వస్తారు. పిల్లలు సొంతంగా వాడితేనే అది మనకి దక్కుతుందని నువ్వే రాశావు అర్జీలో. వాడట్లేదని తేలిందా, పట్టుకెళ్లి సోఫియాలో ఎవరికో ఇచ్చేస్తారు. అప్పుడు నీకు పూచీ బాధా ఉండదు, యంత్రమూ ఉండదు."

"పిల్లలు రావట్లేదండీ. నేనేం చెయ్యను?"

"రావట్లేదా, రానివ్వట్లేదా?" అని ఆయన వెళ్లిపోయాడు.

ఆ మాట చురుక్కుమంది. రోజంతా మనసులో ఆయన్ని తిట్టుకుంది. సాయంత్రం ఇంటికి పోతూ పాత ప్రయోగశాల ముందునుంచి నడుస్తుంటే లోపల దీపం వెలుగుతోంది. నెవెనా కూర్చుని ఉంది. మూడో ఏడు చదివే పిల్ల, చురుకైనది, చేపల మొప్పల కణాల మీద ఏదో సొంత ప్రయోగం పెట్టుకుంది. ఎప్పటిదో పాత మైక్రోస్కోప్, అద్దం కదలకుండా టేపు చుట్టి ఉంది, దాంట్లోకి కళ్లు చికిలించి చూస్తోంది.

"నెవెనా! దీంతో ఏం కనిపిస్తుందే నీకు?"

ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. "ఏం కనిపించట్లేదు మేడమ్."

"మరి పక్కన అంత యంత్రం ఉంది కదా. నేనున్నాను కదా. ఎందుకు రాలేదు?"

నెవెనా నేలకేసి చూసింది. పక్కనున్న బల్లకేసి చూసింది.

"చెప్పు, ఏమీ అనను."

"మీరు వెనక నిలబడితే నా చేతులు వణుకుతాయి మేడమ్. చేతులు వణికితే లెన్సు తగులుతుందని భయం. తగిలితే మీ జీతం కోస్తారని ఇంకా భయం. మాకందరికీ అంతే." గబగబా చెప్పేసి, "మీరు చెడ్డవారని కాదు మేడమ్" అని కలిపింది. ఆ చివరి మాట లేకపోయినా బాగుండేది.

వెసెలీనా తలుపు దగ్గరికి వేసి కదిలింది. ఇంటికెళ్లి ఆ రోజు టీవీ పెట్టలేదు. వంటింట్లో కూర్చుని రొట్టెమీద మిరపకాయ పచ్చడి రాసుకుని, తినకుండా దానికేసి చూస్తూ కూర్చుంది. పిల్లలు లేకపోతే యంత్రం పోతుంది. తను గదిలో ఉంటే పిల్లలు రారు. ఎటు తిప్పి చూసినా లెక్క ఒక్కటే తేలింది.

మర్నాడు నెవెనాని పిలిచింది. ఒక పూటంతా కూర్చోబెట్టి అన్నీ నేర్పింది. ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ పట్టుకోకూడదు, ఏ శబ్దం వస్తే ఆపెయ్యాలి. చేతులు వెనక్కి కట్టుకుని నేర్పింది. అయ్యాక మెడలోంచి తాళంచెవి తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టింది.

"మిగతా వాళ్లకి నువ్వు నేర్పు. నేను లోపలికి రాను."

"మేడమ్... ఏదైనా అయితే?"

"అయితే అవుతుంది. పూచీ నాది."

తలుపుమీద కాగితం పీకేసింది. దాని మచ్చ మాత్రం మిగిలింది.

ఆమె గదికీ యంత్రం గదికీ మధ్య ఒక్కటే గోడ. మొదటివారం గుసగుసలు వినిపించాయి. తర్వాత మాటలు. పశువైద్యం పిల్లలొచ్చారు, వ్యవసాయం పిల్లలొచ్చారు. "ఒరేయ్, నీ తల తియ్యరా, నాకు కనబడట్లేదు!" "అబ్బ, ఎంత పచ్చగా ఉందో చూడవే!" "అది కణం కాదే మొద్దూ, దుమ్ము!" ఒకటే నవ్వులు. వెసెలీనా పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చుని ఇవన్నీ వినేది. ఆ దుమ్ము అన్నది దుమ్ము కాదు, కణం పగిలితే అలాగే కనిపిస్తుంది, వెళ్లి చెప్పాలని నాలుక దురద పెట్టేది. వెళ్లేది కాదు.

జనవరిలో ఒకరోజు గోడ అవతల గాజు పగిలిన చప్పుడైంది. ఆ వెంటనే అంతా నిశ్శబ్దం. వెసెలీనా కుర్చీ వెనక్కి తోసింది. ఒక్క అంగలో నడవాలోకి వచ్చింది, తలుపు పిడిమీద చెయ్యి వేసింది. లెన్సా? లెన్సయితే ఈసారి నెలలు కాదు, ఏళ్లు కోస్తారు. లోపల ఎవరో మెల్లగా, "ఆవిడకి వినబడిందంటావా?" అన్నారు. ఇంకెవరో, "ష్!" అన్నారు. పిడి తిప్పితే చాలు. తిప్పితే ఇక వీళ్లు రారని కూడా ఆమెకి తెలుసు. చెయ్యి తీసేసింది. వెనక్కి వచ్చి కూర్చుంది. చాలాసేపటికి అవతల మళ్లీ నవ్వులు మొదలయ్యాయి. పగిలింది ఒట్టి గాజుపలక. ఆ సంగతి సాయంత్రం చెత్తబుట్ట చూస్తే తెలిసింది.

మార్చిలో తనిఖీకి సోఫియా నుంచి ఒకావిడ వచ్చింది. కోటు గుండీకి మార్తెనిత్సా కట్టుకుని ఉంది, మార్చి నెలలో శుభానికని అందరూ కట్టుకునేదే, ఎర్రా తెల్లా దారం. ప్లామెన్ చెమటలు తుడుచుకుంటూ ముందు నడిచాడు, గెంచో "మన మైక్రోస్కోప్, మన మైక్రోస్కోప్" అంటూ పక్కన నడిచాడు, వెసెలీనా వెనకాల. గది నిండా పిల్లలు. ఒకడు చూస్తున్నాడు, ఒకమ్మాయి రాసుకుంటోంది, ఇద్దరు ఏదో విషయం మీద కొట్టుకునేంతగా వాదించుకుంటున్నారు. ఎవరో చెబితే చేస్తున్నట్టు లేదు. ఆవిడ ముఖం విప్పారింది.

"దీన్నెవరు చూసుకుంటారు?" అని పిల్లల్నే అడిగింది.

"మేమే" అంది నెవెనా. "అందరం. వంతులవారీగా తుడుస్తాం, కొత్తవాళ్లకి పాతవాళ్లం నేర్పుతాం. ఇది మాది."

"చూశారా, ఉమ్మడి అంటే ఇదీ! నేను తిరిగిన చోట్లలో సగం చోట్ల తాళమే తియ్యరు" అని ఆవిడ ప్లామెన్‌తో అంది. తర్వాత తలుపు పక్కన నిలబడ్డ వెసెలీనాని చూసి, "మరి వీరు?" అంది.

"ఆవిడా? ఆవిడ పూచీ మేడమ్" అన్నాడు వెనకనుంచి ఒకడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నెవెనా వాడి కాలు తొక్కింది. "అంటే పూచీదారు అండీ. కాగితం మీద" అని సర్దింది.

"ఓ" అని ఆవిడ మర్యాదగా తల పంకించి, మళ్లీ పిల్లల వైపు తిరిగింది.

యంత్రం దక్కింది. ఆవిడ రైలెక్కకముందే ఆ మాట చెప్పేసి వెళ్లింది. ప్లామెన్ వెసెలీనా భుజం తట్టి, "గెలిచావమ్మా" అన్నాడు. నిజమే, గెలిచింది. సంతోషం కూడా వేసింది. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో మాత్రం తెలియలేదు.

మధ్యాహ్నం మిన్కా ఇంటి నుంచి వేడివేడి బనిత్సా పళ్లెం తెచ్చింది. జున్ను పొరల వాసనకి నడవా అంతా నోరూరింది. పిల్లలు దాన్ని పాత ప్రయోగశాలలో పెట్టుకుని చుట్టూ చేరారు. "నువ్వు కూడా పద వెస్కా, నీ పండగే ఇది!" అని మిన్కా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఆమె గుమ్మంలో అడుగుపెట్టేసరికి బల్లలమీద కూర్చున్నవాళ్లు దిగి నిలబడ్డారు. నోట్లో ముక్కలున్నవాళ్లు నమలడం ఆపేశారు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో కాగితపు రుమాలు ఇచ్చారు. ఎంత మర్యాదో!

"తినండి తినండి. కూర్చోండి" అంది.

తిన్నారు, కిక్కురుమనకుండా. ఏదైనా ఒక మాట అనాలి. తమాషాగా ఉండాలి. ఎంత వెతికినా ఆమెకి ఒక్కటీ తట్టలేదు. "దుమ్ము అనుకున్నారే, అది దుమ్ము కాదు, పగిలిన కణం" అంది చివరికి. పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. గోడ అవతల్నుంచి అన్నీ వింటోందన్నమాట! ఆ మాట వాళ్ల ముఖాల్లో కనిపించగానే వెసెలీనా చెవులదాకా ఎర్రబడి, చేతిలో ముక్క సగంలో పెట్టేసి, "నాకు పనుంది, మీరు కానివ్వండి" అని లేచింది.

నడవాలో నాలుగడుగులు వేసిందో లేదో వెనక గొల్లున నవ్వు. తనను చూసి కాదు, ఊరికే, ఊపిరాడి నవ్విన నవ్వు. అదామెకి తెలుసు. తెలిసినా బాధ తగ్గలేదు. తన గదిలోంచి కోటు తెచ్చి తొడుక్కుని మెట్ల దగ్గరికి చేరుకుంది.

"మేడమ్! మేడమ్, ఒక్క నిమిషం!"

నెవెనా పరుగెత్తుకొస్తోంది. వెసెలీనా మెట్టుమీదే ఆగిపోయింది. వెనక్కి రమ్మంటుంది. మాతో కూర్చోండి అంటుంది. రాకేం, వస్తాను, అనుకుంది. కోటు గుండీ విప్పడం కూడా మొదలుపెట్టింది.

"దొరికారు, హమ్మయ్య!" అంది పిల్ల ఆయాసపడుతూ. చేతిలో కాగితం. "గది సాయంత్రాలు కూడా, శనాదివారాలు కూడా తెరిచి ఉంచుకోవచ్చని డీన్ గారు ఒప్పుకున్నారు మేడమ్! పూచీదారు సంతకం ఒక్కటుంటే చాలట."

"శనాదివారాలా?" అంది వెసెలీనా. "అయితే నేనూ వస్తాను. నాకా రోజుల్లో పనేం ఉండదు."

"అయ్యో, వద్దు మేడమ్! మీరెందుకు శ్రమపడటం, మేం చూసుకుంటాం. మీరు హాయిగా ఇంట్లో ఉండండి."

ప్రేమగానే అంది పిల్ల. అందులో కల్మషం లేదు.

వెసెలీనా కాగితాన్ని గోడకి ఆనించి కలం తీసుకుంది. ఎప్పుడూ ఆమె సంతకం రెండు గీతలు, ఒక తోక. ఈసారి పూర్తిగా రాయడం మొదలుపెట్టింది. తన పేరు, తర్వాత తండ్రి పేరు, తర్వాత ఇంటిపేరు, బడిపిల్లలా ఒక్కొక్క అక్షరం దిద్ది దిద్ది రాసింది.

"అంత అక్కర్లేదు మేడమ్, ఊరికే గీకెయ్యండి" అంది నెవెనా. వెనక గదికేసి ఒకసారి తిరిగి చూసింది గాని, కదలకుండా పక్కనే నిలబడింది.

"ఉండమ్మా, అయిపోవచ్చింది" అంది వెసెలీనా. అక్షరాలు అయిపోయాయి. కింద తేదీ కూడా రాసింది.